రెండూ కుడిచేతులే

ఫ్యాషన్ డిజైనింగ్ చదివే పిల్లలు ఈ మధ్య నా దగ్గరికి వస్తున్నారు. కుట్టు టీచరుగా చేసి రిటైరైన ముసలామె కదా, నాలుగు అంగళ్ళ వాళ్ళు తెలిసి ఉంటారు, ఒక మాట చెబితే ఎక్కడో ఒకచోట మూడు నెలలు ఇంటర్న్‌షిప్ దొరక్కపోతుందా అని వాళ్ళ ఆశ. మొన్న వచ్చిన పిల్ల ఇంకో అడుగు ముందుకేసింది. "పని నేర్పకపోయినా ఫరవాలేదు ఆంటీ, సర్టిఫికెట్ ఇప్పిస్తే చాలు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ పిల్లను కాఫీ ఇచ్చి పంపేశాను గానీ, ఆమెకు చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నేను మంచిదాన్ని కాను. ముందే చెబితే మీకూ నాకూ సుఖం.

డెబ్బైల చివరి మాట ఇది. ఆళ్ళగడ్డలో చర్చి కాంపౌండు లోపల ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే చిన్న స్కూలు ఉండేది. ఒక రేకుల గది, ఆరు తొక్కుడు మిషన్లు. వాటిలో రెండు ఎప్పుడూ అలిగి కూర్చునేవి. టీచరును నేనొక్కదాన్నే. చుట్టుపక్కల పల్లెల నుంచి మా సంఘస్థుల పిల్లలు, ఎక్కువమంది కూలి ఇళ్ళవాళ్ళు, వచ్చి నేర్చుకునేవాళ్ళు. బ్రౌన్ పేపరు మీద గీయడం, ఆ పేపరును కోరా గుడ్డ మీద పెట్టి కోయడం, కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. రంగు గుడ్డ మా గది మొహం చూసేది కాదు. పట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు.

స్కూలు సర్టిఫికెట్ కావాలంటే పరీక్ష పాసైతే చాలదు. ఆరు నెలలు ఏదైనా టైలరు అంగట్లో పనిచేసి, అక్కడి కటింగు మాస్టరు సంతకంతో అనుభవ పత్రం తేవాలని, స్కూలును నడిపే చర్చి కమిటీ పెద్దలు నియమం పెట్టారు. మీరు ఇంటర్న్‌షిప్ అనే దాన్ని మేము 'అంగట్లో కూర్చోవడం' అనేవాళ్ళం. నియమం మంచిదే. కమిటీలో దాన్ని అందరికన్నా గట్టిగా బలపరిచింది నేనే. గోడ మీద బొమ్మ చూసి ఈత రాదు, అంగట్లో కూర్చోకుండా కత్తెర రాదు అని పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను.

నిజానికి నేను ఉద్యోగంలో చేరినప్పుడు నన్నూ అలాంటి పత్రమే అడిగారు. మాకు పెదనాన్న వరసయ్యే ఒకాయనకు కోయిలకుంట్లలో టైలరు అంగడి ఉండేది. ఏడాది పనిచేసినట్టు ఆయన రాసిచ్చాడు. ఆ అంగట్లో నేను కూర్చున్నది ఆయన తెప్పించిన టీ తాగినంత సేపే. ఈ సంగతి నా భర్తకు కూడా తెలియదు. తొమ్మిదేళ్ళు పాఠం చెప్పాక నాకే గుర్తుండేది కాదు.

ఇక నేను చెప్పబోయే అమ్మాయి సంగతి. దొర్నిపాడు దగ్గర పల్లె. నాయన గొర్రెలు కాసేవాడు, అమ్మ కూలికి పోయేది. పదో తరగతి గట్టెక్కింది. సన్నగా, నల్లగా, మాట తక్కువ. కానీ చేతిలో సూది పడితే మాత్రం చూడాల్సిందే. అది చేత్తో కుట్టిన గుండీ కాజా చూసి, మిషన్ మీద వేశావా అని నేను రెండుసార్లు మోసపోయాను. నందికొట్కూరులో ఆడపిల్లల హాస్టల్లో కుట్టు టీచరు ఉద్యోగం ఒకటి పడబోతోందని తెలిసింది. మా సర్టిఫికెట్ ఉంటే చాలు, ఆ పిల్లకు తప్పక వస్తుంది. ఆ ఇంట్లో నెల జీతం అనే మాట విన్న మొదటి మనిషి అదే అవుతుంది. వాళ్ళ నాయన స్కూలుకు వచ్చి, వాకిట్లోనే నిలబడి, "ఆ ఎండలో అది పడకూడదు టీచరమ్మా. నీడపట్టున కుచ్చోని బతికే దోవ చూపియ్యి, సాలు" అన్నాడు. చూపిస్తానన్నాను.

ఆళ్ళగడ్డలో అప్పుడు చెప్పుకోదగ్గ అంగళ్ళు లేవు. నంద్యాలకు పోయాను. ఆ పిల్లను వెంటబెట్టుకుని మూడు రోజులు అంగడంగడికీ తిరిగాను. ఒకాయన పిల్లను చూసి, "ఏందమ్మా, ఆడపిల్లనా? మా అంగట్లోనా? గుండీ ఊడిందని ఒకడు, ఊడలేదని ఒకడు, ఊర్లో మొగపిల్లోళ్ళంతా ఈడ్నే ఉంటారు, నా యాపారం సాగినట్టే!" అన్నాడు. ఇంకొకాయన మంచినీళ్ళిచ్చి మరీ లేదన్నాడు. మూడో రోజు సాయంత్రం పిల్ల కాళ్ళు ఈడుస్తూ, "పోదాం పద టీచరమ్మా, యాడా కుదిరేట్టు లేదు" అంది. నాకు మొండితనం ఎక్కువ. ఇంకొక్కటి అన్నాను.

ఆ చివరి అంగడి ఆడవాళ్ళ జాకెట్లకు పేరుపడ్డది. మాస్టరు ముస్లిం, యాభై దాటినవాడు, చెవి మీద పెన్సిలు, మెడలో టేపు. ఆ టేపు అలంకారానికే, ఎందుకంటే ఆడమనిషి మీద టేపు పెట్టడం ఆ రోజుల్లో మా వైపు లేదు. సరిపోయే పాత జాకెట్టు ఒకటి పంపాలి. దాన్ని ఆది జాకెట్టు అంటారు. మాస్టరు దాన్ని పరిచి, జానా బెత్తెడు లెక్కలు చూసి కొత్తది కోస్తాడు. అంతకు ముందు ఏడాది సన్నగా ఉన్న మనిషి ఆది పంపితే కొత్త జాకెట్టు బిగుసుకుపోయేది. తప్పెవరిదని అంగడి ముందర రోజూ పంచాయితీ.

అదే పట్టుకున్నాను. "మాస్టరూ, మీరు గుడ్డను చూసి కుడతాండారు, మనిషిని చూసి కాదు. ఈ పిల్లను కుచ్చోబెట్టుకోండి. తెర అడ్డం పెట్టి మనిషినే కొలుస్తాది. బుట్ట చేతులు, సినిమా మోడలు అని ఆడపిల్లలు అడుగుతాండారు గదా, ఆదితో అయితే అవి కుదరవు" అన్నాను.

ఆయన అంగడి మూలలన్నీ ఒకసారి చూశాడు. "తెర యాడ కట్టాల?" అన్నాడు. అంతే, కుదిరింది.

నంద్యాలలో మేనత్త ఇంట్లో ఉండి ఆ పిల్ల రోజూ అంగడికి పోయేది. తెర వెనక కొలతలు తీసుకోవడం మొదలయ్యాక గిరాకీ పెరిగిందని మాస్టరే ఒప్పుకున్నాడు. 'బేటీ' అని పిలిచేవాడు. అయితే కొలతలు, హుక్కులు, కాజాలు, హెమ్మింగు వరకే. కత్తెర మాత్రం ఇవ్వలేదు. ఆయన కత్తెరను ఆయన తప్ప ఎవరూ పట్టకూడదు. పదేళ్ళుగా మిషన్ తొక్కే ముసలాయన కూడా దాన్ని ముట్టేవాడు కాదు. ఆ పిల్ల కుట్టుకుంటూ, తల ఎత్తకుండా, మాస్టరు కోసే చోటునే చూస్తూ ఉండేదట. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఐదు నెలలు దాటాయి. మాఘమాసం, పెళ్ళిళ్ళ రద్దీ. హాస్టలు ఉద్యోగానికి దరఖాస్తులు పిలిచారు, నెల కూడా గడువు లేదు. పిల్ల పని ఎలా ఉందో చూసి రావాలని ఒక శుక్రవారం నంద్యాలకు పోయాను. తనిఖీ అంటే నాకు కాస్త దర్జా. మంచి చీర కట్టుకుని, చేతిలో పుస్తకం పట్టుకుని పోయాను.

అంగట్లో కూర్చుని, "కటింగు ఎంతవరకు నేర్పినారు?" అని మాస్టరును అడిగాను.

"కటింగా? యాడ నేర్పేదమ్మా, ఈ గిరాకీలో!"

"మరి నేనేమని రాసుకోవాల? అయిదు నెల్లు హుక్కులు కుట్టిందనా? రేపు పొయ్యి పిల్లలకు ఏం చెప్తాది?"

మాస్టరు బల్ల మీద పరిచిన గుడ్డను చూపించాడు. ధర్మవరం పట్టు, ఎర్రది. రెండు పక్కలా జరీ అంచు. చీరతో పాటే నేసిన జాకెట్టు ముక్క. దొర్నిపాడు వైపు పెద్ద రైతుల ఇంట్లో పెళ్ళికూతురిది. "దీని మీద నేర్పియ్యమంటావా? ముహూర్తాలు అయిపోనీ, పాత గుడ్డ ఇచ్చి కూచోబెట్టి నేర్పుతా. మాట" అన్నాడు. నమాజుకు టైమైంది. మిషన్ ముసలాయన, మాస్టరు ఇద్దరూ మసీదుకు బయలుదేరారు. "వచ్చి కోస్తా, దాన్ని ముట్టొద్దు బేటీ" అని ఆ పిల్లకు చెప్పి మరీ పోయాడు.

అంగట్లో మేమిద్దరమే మిగిలాము. నాకు కోపంగా ఉంది. ఒక టైలరు నాకు అడ్డం చెప్పాడని, అదీ నా శిష్యురాలి ముందు. తొమ్మిదేళ్ళుగా కటింగు చెబుతున్నదాన్ని. "రా, చూడు. కటింగంటే బ్రహ్మవిద్య ఏం కాదు" అని కత్తెర అందుకున్నాను.

"వద్దు టీచరమ్మా. మాస్టరు రానీ."

"కొలతల చీటీ యాడుంది? తే."

తెచ్చింది. వీపు ముక్క కోశాను, బాగానే వచ్చింది. ముందు ముక్కలూ బాగానే వచ్చాయి. నాకు ధైర్యం వచ్చేసింది. చేతుల దగ్గరికి వచ్చేసరికి స్కూల్లో చేసినట్టే చేశాను. ఒక అంచు దగ్గర ఒక చేయి కోసి, ఆ ముక్కనే అచ్చంగా రెండో అంచు మీద పెట్టి గీశాను.

"మాస్టరు గుడ్డను మడతేసి రెండు చేతులూ ఒగేసారి కోస్తాడు టీచరమ్మా" అంది పిల్ల మెల్లగా.

"నాకు నేర్పుతాండావా?" అన్నాను. కోసేశాను.

రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టాక తెలిసింది. జాకెట్టు చేతికి ముందు వైపు లోతు ఎక్కువ, వెనక వైపు తక్కువ. అందుకే కుడి, ఎడమ ఒకదానికొకటి ఎదురుగా రావాలి. నేను పాఠం చెప్పే కోరా గుడ్డకు రెండు వైపులూ ఒకటే. ఎలా కోసినా ఒక ముక్కను తిరగేస్తే రెండో చేయి అయిపోతుంది. తొమ్మిదేళ్ళలో అందుకే నాకు ఈ తప్పు ఒక్కసారి కూడా ఎదురుపడలేదు. పట్టుకు బయటి వైపు ఒకటే ఉంటుంది. తిరగేస్తే జరీ వెనక పోగులు కనిపిస్తాయి. రెండూ కుడిచేతులే వచ్చాయి. ఇంకో చేయి కోయడానికి అంచు గుడ్డ మిగల్లేదు. అంగట్లో ఆరు నెలలు నిజంగా కూర్చున్న ఎవరూ చేయని తప్పు అది. అంగట్లో కూర్చుని, కత్తెర ముట్టకుండానే, ఆ పిల్ల అది నేర్చేసుకుంది.

ఇద్దరం నిలబడి ఆ ముక్కలను చూస్తూ ఉండగానే మాస్టరు వచ్చాడు. ఆయన వెనకే, సిద్ధమైన మిగతా జాకెట్లు తీసుకుపోదామని పెళ్ళికూతురి తల్లి కూడా మెట్లెక్కింది. మాస్టరు బల్ల దగ్గరికి వచ్చి చేతుల ముక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టాడు. ఒకసారి తిప్పాడు. మళ్ళీ తిప్పాడు.

"ఎవరు ముట్టినారు నా కత్తెర?" అన్నాడు. అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

నా కుడిచేతి వేళ్ళకు సుద్ద పొడి అంటుకుని ఉంది. ఆ చేతిని కొంగులోకి చుట్టుకున్నాను. తెలిసే ఆ పని చేశాను.

"నేనే మాస్టరూ. నేనే కోసినా" అంది పిల్ల.

నేను నోరు తెరవలేదు. ఆ కాసేపట్లో నా తలలో ఏం తిరిగిందో దాచకుండా చెబుతాను. టీచరమ్మకు చేతులు కోయడం రాదని నంద్యాలంతా చెప్పుకుంటారు. కమిటీకి తెలుస్తుంది. అసలు ఈమె ఎక్కడ నేర్చుకుందని అడుగుతారు. కోయిలకుంట్ల కాగితం బయటికి వస్తుంది. ఉద్యోగం పోతుంది. ఇవన్నీ వరసగా, శుభ్రంగా తోచాయి. పక్కన నిలబడిన పిల్ల ఏమైపోతుందన్నది మాత్రం ఆ వరసలో ఎక్కడా రాలేదు.

పెళ్ళికూతురి తల్లి నెత్తి కొట్టుకుంది. "శుభమా అని పెండ్లి గుడ్డ ఇస్తే ఇట్ల తెగ్గోస్తారా? ఏం పాపా, నీకు చేతులాడ్నాయా? మా బిడ్డ బతుకు ఏం గావాల?" అని ఆ పిల్ల మీదికి పోయింది. మాస్టరు అడ్డం నిలబడి చేతులు జోడించాడు. ఆ గుడ్డకు జోడీ తానే వెతికి తెప్పిస్తానని, దేవుడి మీద ప్రమాణమని బతిమాలాడు. ఆ నష్టం ఆయన ఎలా పూడ్చుకున్నాడో నేను ఎప్పుడూ అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

ఆమె పోయాక మాస్టరు ఆ పిల్ల టిఫిను డబ్బా తీసి చేతికిచ్చాడు. "పో బేటీ. ముట్టొద్దని చెప్పి పోతిని గదా. ఇంగ రావద్దు" అన్నాడు. పిల్ల తెర పక్కన వాకిలి దగ్గర ఆగింది. వెంటనే పోలేదు. మా ఇద్దరి వైపూ చూస్తూ కాసేపు నిలబడింది. తరవాత చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. మాస్టరు నా వైపు తిరిగి, "నీ తప్పేం లేదులేమ్మా, నువ్వు మంచికే అడిగినావు. నాదే బుద్ధి తక్కువ, ఆడపిల్లను అంగట్లోకి తెచ్చుకున్న్యా" అన్నాడు. ఆ మాటకు కూడా తల ఊపాను.

పిల్ల మేనత్త ఇంటి నుంచి బట్టల సంచి తెచ్చుకుంది. సాయంత్రం బస్సులో ఆళ్ళగడ్డకు ఇద్దరం ఒకే సీట్లో కూర్చుని వచ్చాము. శిరివెళ్ళ దాటాక నేనే, "నువ్వేం దిగులు పడొద్దు. పత్రం సంగతి నేను చూస్తా. నాకు తెలిసిన అంగడుంది" అన్నాను.

"సరే టీచరమ్మా" అంది. కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

ఆ మాటైనా నిలబెట్టుకున్నానా అంటే, లేదు. కోయిలకుంట్ల పెదనాన్నను అడిగితే ఇంకో కాగితం రాసిచ్చేవాడే. అయితే ఒకే అంగడి నుంచి రెండు కాగితాలు కమిటీ ముందుకు పోతే, రెండోదాన్ని చూసినవాళ్ళు మొదటిదాన్ని కూడా తీసి చూస్తారేమోనని భయం. రేపు పోదాం, ఆదివారం పోదాం అనుకుంటూ గడువు దాటించాను. వాళ్ళ నాయన ఒకసారి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. క్లాసులో ఉన్నానని లోపలి నుంచి కబురు పంపాను. ఆయన కాసేపు చూసి పోయాడు. నందికొట్కూరు ఉద్యోగం వేరే ఎవరికో వచ్చింది.

ఆ పిల్ల ఒక్కదానితో పోలేదు ఇది. ఆ కథ నంద్యాల టైలర్లందరికీ తెలిసింది. ఆ తరవాత ఏ అంగడికి పోయినా, "ధర్మవరం పట్టు సంగతి యిన్న్యాంలేమ్మా" అని చేతులు జోడించేవాళ్ళు. ఐదారేళ్ళు నేను ఒక్క ఆడపిల్లను కూడా అంగట్లో కూర్చోబెట్టలేకపోయాను. చివరికి నేనే కమిటీకి అర్జీ పెట్టుకుని ఆ నియమం తీయించాను. స్కూల్లో చేసిన అభ్యాసమే చాలునని రాశాను. పెద్దలు మెచ్చుకున్నారు. ఒక విషయం ఒప్పుకోవాలి, ఆ శుక్రవారం తరవాత నేను చేతులు కోయడం తప్పు లేకుండా నేర్పాను. ఏ పిల్ల అడగకపోయినా మడత వేయించి మరీ నేర్పాను.

ఎనభైల మధ్యలో దొర్నిపాడు దగ్గర ఆ పల్లె సంఘం వాళ్ళు కోత పండుగకు పిలిచారు. టీచరమ్మ కదా, ముందు వరస కుర్చీ వేశారు. ప్రార్థన అయ్యాక చర్చి బయట చాపల మీద భోజనాలు. అన్నం బేసిను పట్టుకుని వడ్డిస్తూ ఆమె వచ్చింది. నేను మొదట గుర్తుపట్టలేదు. ఎండకు మాడిపోయి, ఇద్దరు పిల్లల తల్లై, నాకన్నా పెద్దదానిలా ఉంది. చేతులు చూశాను. ఆ వేళ్ళు పగిలి, గోళ్ళ పక్కన చర్మం లేచి, పత్తి ఏరే చేతులు. సూది పట్టుకుంటే ఇప్పుడు అది జారిపోతుంది.

"బాగుండారా టీచరమ్మా?" అని నవ్వింది. నిజంగానే నవ్వింది, కడుపులో ఏమీ పెట్టుకోకుండా. కుడతాండావా అని అడిగాను. మిషను లేదని, తీరికా లేదని చెప్పింది. నాయన పోయి రెండేళ్ళయిందంది.

ఇన్నేళ్ళూ నాకు నేను ఒక కథ చెప్పుకుంటూ వచ్చాను. ఆ పిల్ల గురుభక్తితో నా తప్పు మీద వేసుకుందని, అలాంటి పిల్లలు ఈ కాలంలో ఉండరని. ఆ కథలో నాకు కాస్త ఓదార్పు ఉండేది. దాన్ని ఆమె నోటితోనే వినాలనిపించిందేమో, చుట్టుపక్కల వాళ్ళకు వినపడకుండా అడిగాను.

"ఆ పొద్దు నేనే కోసినా అని ఎందుకన్న్యావు?"

ఆమె ఆలోచించలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్నట్టుంది.

"'అది కాదు, నేనే కోసినా' అని మీరంటారనుకుంటి టీచరమ్మా. వాకిలి కాడ నిలబడి చూస్తా ఉంటి" అంది. నా విస్తట్లో ఇంకో గరిటె అన్నం పెట్టి, పక్కనున్న ముసలామె దగ్గరికి జరిగింది.